కాగితం మనిషి

కష్టంలో వున్న మనిషి దగ్గర ఒక వస్తువు కొన్నామనుకోండి. బజారు ధరలో పైసా తగ్గించకుండా లెక్కపెట్టి చేతిలో పెట్టామనే అనుకోండి. ఆ వస్తువు నిజంగా మనదవుతుందా? పక్కింటావిడ కూతురి ఆపరేషనుకి గాజులమ్ముతుంది. అప్పులపాలై ఊరొదిలిపోయే వాళ్లు బీరువా, కుట్టుమిషను అమ్మకానికి పెడతారు. "నేను కాకపోతే ఇంకొకరు కొంటారు, ఆ ఇంకొకరైతే సగం ధరకే లాక్కుపోతారు, వాళ్లకంటే నేను నయం కదా!" అని మనసు సర్దిచెబుతుంది. కొంటాం, వాడుకుంటాం, మరిచిపోతాం.

ఈ ప్రశ్న ఈమధ్య నన్ను పట్టుకుని వదలకపోవడానికి కారణం గాజులూ కాదు, కుట్టుమిషనూ కాదు. ఒక ఫుట్‌బాల్ ఆటగాడు! నిజం చెప్పొద్దూ, ఫుట్‌బాల్ అంటే ఒక బంతి వెనకాల ఇరవై రెండుమంది పరిగెత్తడం అన్నంతవరకే నా జ్ఞానం. మగపిల్లల గొడవ మనకెందుకని మీరూ పేజీ తిప్పేయకండి. ఈ కథలో ఆట కొంచెమే. ఆ తరవాతదంతా మన ఇళ్లలో జరిగే కథే.

అతని పేరు మథియాస్ సిండెలార్. 1903లో మొరావియాలోని ఒక చిన్న పల్లెలో పుట్టాడు. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోది, ఇప్పుడు చెక్ దేశంలో వుంది. రెండేళ్ల పిల్లవాడిగా వుండగా కుటుంబం పొట్ట చేతపట్టుకుని వియన్నా వచ్చింది. నగరానికి దక్షిణాన ఫేవరిటెన్ అనే పేట. ఇటుకల ఫ్యాక్టరీలు, కూలీల ఇళ్లు, చెక్ భాష మాట్లాడే వలసజనం. వియన్నా మహాసౌధాలకి ఇటుకలు చేసింది వాళ్లే, వాటి గడప తొక్కలేకపోయిందీ వాళ్లే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, తండ్రి ఇటలీ సరిహద్దున చనిపోయాడు. తల్లికి నలుగురు పిల్లలు, ముగ్గురు ఆడపిల్లలూ ఈ ఒక్క మగపిల్లవాడూ. ఆవిడ నలుగురి బట్టలూ ఉతికి సంసారం ఈదింది. పిల్లవాడు తాళాలు బాగుచేసే పని నేర్చుకుంటూ, తీరిక వేళల్లో వీధిలో బంతి తన్నుతూ పెరిగాడు.

ఆ వీధి ఆటే అతన్ని కాపాడింది. మనిషి బక్కపల్చన, గాలొస్తే ఎగిరిపోయేలా వుండేవాడు. అందుకే వియన్నా జనం అతనికి "కాగితం మనిషి" అని ముద్దుపేరు పెట్టారు. పెద్ద పెద్ద శరీరాలవాళ్లు మీదికొస్తుంటే వాళ్లని ఢీకొట్టకుండా, సందుల్లోంచి కాగితంలా జారిపోయేవాడట. దానికో కారణం కూడా వుంది. ఇరవై ఏళ్లప్పుడే మోకాలు దెబ్బతిని ఆపరేషనయింది. ఆ తరవాత ఆ మోకాలికి ఎప్పుడూ కట్టు వుండాల్సిందే. ఇంకో దెబ్బ తగిలితే బతుకుతెరువే పోతుంది. కనక ఒళ్లు తగలకుండా ఆడడం అతనికి అందంకోసం వచ్చిన విద్య కాదు, భయంకొద్దీ వచ్చిన విద్య. భయంలోంచి అంత అందం పుట్టడం చూస్తే నాకు ఎందుకో మన ఆడవాళ్ల సంసారాలు గుర్తొస్తాయి. అది వేరే కథ, వదిలేయండి.

1924లో అతను చేరిన క్లబ్బే తరవాత "ఆస్ట్రియా వియన్నా" అయింది. చదువుకున్నవాళ్ల క్లబ్బని దానికి పేరు. అధికారుల్లో, అభిమానుల్లో యూదులు చాలామంది. ఇక 1931 మే 16న వియన్నాలో ఆస్ట్రియా జాతీయజట్టు స్కాట్లండ్‌ని 5-0తో ఓడించింది. ఆటని ప్రపంచానికి నేర్పామనుకునే వాళ్లని అలా ఓడించడం మామూలు విషయం కాదు. అక్కణ్ణించి దాదాపు ఏడాదిన్నర పాటు ఆ జట్టుకి ఓటమి లేదు. జర్మనీని బెర్లిన్‌లో 6-0, మళ్లీ వియన్నాలో 5-0. జనం దాన్ని "వుండర్‌టీమ్", అంటే అద్భుతజట్టు అన్నారు. నడిపించినవాడు హ్యూగో మైస్ల్, యూదు కుటుంబంలో పుట్టినవాడు. ముందువరసలో మధ్యన నిలబడి గోల్స్ కొట్టినవాడూ కొట్టించినవాడూ సిండెలార్. జాతీయజట్టుకి ఆడినవి 43 మ్యాచిలు, కొట్టినవి 26 గోల్స్. కాఫీహౌసుల్లో కూర్చుని సంగీతం, నాటకం గురించి వాదించుకునే రచయితలు ఇప్పుడు ఈ చాకిరేవు కొడుకు గురించి వాదించుకోవడం మొదలెట్టారు. అతని ఆటలో చదరంగం ఎత్తులున్నాయన్నారు. పాల పదార్థాల ప్రకటనల్లో కూడా అతని బొమ్మే. 1934 ప్రపంచకప్పులో సెమీఫైనల్ దాకా వెళ్లి, మిలాన్‌లో బురదమైదానం మీద ఇటలీ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. ఆటకథ ఇంతే. ఇక్కడితో ఆగిపోతే అతనొక మంచి ఆటగాడు, మనకి పనిలేదు.

1938 మార్చి 12న హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. ఒక దేశం రాత్రికి రాత్రి ఇంకో దేశంలో జిల్లాలా కలిసిపోయింది. వియన్నా వీధుల్లో యూదుల్ని, ముసలివాళ్లనక ఆడవాళ్లనక, మోకాళ్లమీద కూచోబెట్టి రోడ్లు తోమించారు. చుట్టూ నిలబడి నవ్వింది ఎక్కడినించో వచ్చిన సైనికులొక్కరే కాదు, నిన్నటిదాకా పలకరించుకున్న ఇరుగుపొరుగు వాళ్లు కూడా. ఆస్ట్రియా వియన్నా క్లబ్బు అధ్యక్షుడు డాక్టర్ శ్వార్ట్స్ యూదుడు. ఆయన్ని తీసేశారు. కొత్తగా వచ్చిన పెత్తందార్లు ఆయన్ని పలకరించకూడదని ఆటగాళ్లకి ఆంక్ష పెట్టారట. తను మాత్రం ఎప్పుడు కనపడ్డా నమస్కరిస్తూనే వుంటానని సిండెలార్ ఆయన మొహంమీదే చెప్పాడని చెప్పుకుంటారు. చిన్న మాటే. కానీ అందరూ తల తిప్పుకునే రోజుల్లో ఒక నమస్కారం ఖరీదెంతో, వెలిపడ్డవాళ్లకి తెలుస్తుంది.

ఏప్రిల్ 3న ఒక మ్యాచి పెట్టారు. ఒక పక్క జర్మనీ, ఇంకో పక్క ఇక ముందు వుండబోని ఆస్ట్రియా జట్టు. రెండు దేశాలూ అన్నదమ్ముల్లా కలిసిపోతున్నాయని లోకానికి చూపించే పండగ అది. ప్రేటర్ స్టేడియంలో సుమారు అరవై వేలమంది. మరో వారానికి ప్రజాభిప్రాయసేకరణ వుంది మరి! ఆస్ట్రియా వాళ్లు ఎప్పుడూ వేసుకునే తెల్లచొక్కాలు కాకుండా, తమ జెండా రంగులైన ఎరుపు తెలుపుల్లో దిగారు. అది సిండెలార్ పట్టుదల అంటారు. మొదటి సగంలో అతను సులువైన గోల్స్ వరసగా పోగొట్టాడనీ, గెలవకూడదని పైనించి ఆజ్ఞ వుంటే దాన్ని అలా వెక్కిరించాడనీ చెబుతారు. రెండో సగంలో మాత్రం గోల్ కొట్టాడు. స్నేహితుడు సెస్టా ఇంకోటి కొట్టాడు. 2-0. అప్పుడు సిండెలార్ నాజీ పెద్దలు కూచున్న గ్యాలరీ ముందుకు వెళ్లి నాట్యం చేశాడట! ఆ నాట్యం నిజంగా జరిగిందా అంటే చరిత్రకారులు అనుమానంగానే తలాడిస్తారు. కానీ గోల్ నిజం, 2-0 నిజం.

ఆ తరవాత జర్మనీ, ఆస్ట్రియా ఆటగాళ్లని కలిపి 1938 ప్రపంచకప్పుకి ఒక జట్టు కట్టారు. అందులో ఆడమని అతన్ని అడిగారు, మళ్లీ అడిగారు. వయసైపోయిందన్నాడు, మోకాలు నొప్పన్నాడు. ముప్ఫై అయిదేళ్లు, కట్టు కట్టిన మోకాలు, రెండూ నిజాలే. అయినా ఆ జట్టు కోచ్ హెర్బెర్గర్‌కే ఆ మాటల వెనక ఇంకేదో వుందనిపించిందట. పెద్ద మాటలు మాట్లాడలేని చోట "ఒంట్లో బాగాలేదు" అనడం ఎంత చక్కని నిరాకరణో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను లేని ఆ కలగూర జట్టు స్విట్జర్లండ్ చేతిలో ఓడి మొదటి మెట్టు దగ్గరే ఇంటికొచ్చింది.

ఇప్పుడు మీకు ఒక వీరుడు కనపడుతున్నాడు కదూ? నాకూ కనపడ్డాడు. ఇక్కడ ఆగిపోతే ఎంత బావుణ్ణు!

అదే సంవత్సరం ఆగస్టులో సిండెలార్ ఒక కాఫీహౌసు కొన్నాడు. తను పెరిగిన ఫేవరిటెన్‌లోనే, లాక్సెన్‌బుర్గర్ వీధిలో. ఓనరు పేరు లియోపోల్డ్ డ్రిల్. ఆయన యూదుడు. ఆ రోజుల్లో యూదుల దుకాణాలూ ఇళ్లూ వ్యాపారాలూ వాళ్ల చేతుల్లోంచి లాగి ఇతరులకి అప్పజెప్పే పనిని ప్రభుత్వమే దగ్గరుండి చేసింది. దానికొక పేరు కూడా పెట్టింది, "ఆర్యీకరణ" అని. పేరు వింటే ఏదో హోమం చేసినట్టుంటుంది! జరిగింది దోపిడీ. అలా అమ్మిన సొమ్ము కూడా అమ్మినవాడి చేతికి రావడం అరుదు. దేశం విడిచిపోయేందుకు పన్నులు, జరిమానాలు పోగా, మిగిలింది స్తంభింపజేసిన బ్యాంకు ఖాతాల్లోకి పోయేది. చూసుకోవచ్చు, తీసుకోకూడదు. డ్రిల్ కాఫీహౌసు చేతులు మారింది ఆ పద్ధతిలోనే. కొన్నవాడు ఆ కాఫీహౌసు యజమాని అయ్యాడు. అమ్మినవాడు 1943లో థెరెసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

ఈ సంగతి అతని అభిమానులకి తెలియంది కాదు. చాలాకాలం దాన్ని కూడా వీరగాథలో కలిపేసుకున్నారు. 20 వేల మార్కులు పోశాడు, న్యాయమైన ధర ఇచ్చాడు, డ్రిల్ పరిచయస్తుడే, అది ఏ నాజీ పార్టీవాడి చేతిలోనో పడకుండా తను తీసుకున్నాడు, అన్నారు. తరవాత వచ్చిన పరిశోధకులు ఆనాటి కాగితాలు తిరగేసి, ఇదీ మిగతా వాటిలాంటి బలవంతపు అమ్మకమేనన్నారు. అప్పణ్ణించి రెండు జట్లు తయారయ్యాయి. ఒక జట్టుకి అతను దేశభక్తుడు. ఇంకో జట్టుకి అతను దోపిడీలో వాటాదారు. ఒకరి గోల్‌లోకి ఒకరు బంతులు తంతూనే వున్నారు.

నేను ఏ జట్టులోనూ చేరలేకపోతున్నాను. అటూ ఇటూ కాని గోడమీది పిల్లివాటం అనుకునేరు. కాదు. అతని వైపునించి ముందు చూడనివ్వండి. ముప్ఫై అయిదేళ్ల మనిషి. చదువు లేదు. మోకాలు ఇవాళో రేపో మొరాయిస్తుంది. ఆటగాడికి పింఛను ఎవరిస్తారు? బట్టలుతికి పెంచిన తల్లి వుంది, అక్కచెల్లెళ్లున్నారు. వియన్నాలో ఒక కాఫీహౌసుకి యజమాని కావడమంటే ఏమిటో ఊహించండి. అది హోటలు కాదు, ఒక హోదా. ఏ పెద్దమనుషులు కూచుని తన ఆట గురించి వాదించుకున్నారో అలాంటి బల్లలు తనవే అవుతాయి. ఫేవరిటెన్ పిల్లవాడికి అంతకంటే కల ఏముంటుంది? ఆ కల అమ్మకానికొచ్చింది. ఎందుకొచ్చిందో అతనికి తెలుసు. అది తెలియడం, కావాలనుకోవడం, రెండూ ఒకే గుండెలో ఇమడవని మనం అనుకుంటాం గానీ, ఎంత హాయిగా ఇముడుతాయో! మోసగాడు ఇతరుల్ని మోసం చేస్తాడు. మామూలు మంచివాడు కాస్త చోటు చూసుకుని తనని తాను సర్దుకుంటాడు.

"సరైన ధర ఇచ్చాడు కదా" అనే మాట దగ్గరే నా గొంతు పట్టేస్తోంది. ధర అనేది ఎప్పుడు ధర అవుతుంది? అమ్మను పో అనగలిగిన వాడికి ఇచ్చినప్పుడు. ఇవాళ కాదు, వచ్చే నెల చూద్దాం అనగలిగిన వాడికి ఇచ్చినప్పుడు. కొనేవాడికి కాదనే హక్కుండి, అమ్మేవాడికి లేకపోతే, మధ్యలో వున్న అంకె పెద్దదైనా చిన్నదైనా అది బేరం కాదు. గాజులమ్మే పక్కింటావిడకీ డ్రిల్‌కీ పోలిక పూర్తిగా కుదరదని నాకు తెలుసు. ఆవిడ కష్టం దైవమిచ్చింది. డ్రిల్ కష్టం కొనేవాళ్లందరూ బతుకుతున్న రాజ్యమే ఇచ్చింది. ఆవిడ చేతికి డబ్బొస్తుంది, దాంతో కూతురు బతుకుతుంది. ఆవిడ గాజులు కొనడం సాయం కూడా కావచ్చు. డ్రిల్‌కి ఇచ్చిన మార్కులు ఎవరిని బతికించాయి?

పోనీ, కాపాడి తిరిగి ఇద్దామనే తీసుకున్నాడేమో అంటారు మరికొందరు. అలా చేసినవాళ్లు ఆ చీకటిరోజుల్లో వుండకపోలేదు. అతను ఇంకో పదేళ్లు బతికి, యుద్ధం ముగిశాక తాళంచెవులు డ్రిల్ వాళ్ల చేతిలో పెట్టివుంటే మనందరం చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్లం. పెట్టకపోయివుంటే అప్పుడూ తేలిపోయేది. ఏదీ తేలకుండా పోయాడు. 1938 డిసెంబరు 26న అతను ఆడిన ఆఖరి మ్యాచి ఎక్కడనుకున్నారు? బెర్లిన్‌లో! క్లబ్బు తరఫున. యూదుల గుళ్లూ దుకాణాలూ తగలబెట్టిన నవంబరు రాత్రి గడిచి అప్పటికి ఏడు వారాలు కూడా కాలేదు. జాతీయజట్టు చొక్కా వేసుకోనన్న మనిషి క్లబ్బు చొక్కా వేసుకుని వెళ్లాడు, గోల్ కూడా కొట్టాడు. ఏ గీత దగ్గర ఆగాడో, ఎందుకు అక్కడే ఆగాడో అతనికైనా స్పష్టంగా తెలుసునంటారా? నాకు అనుమానమే.

1939 జనవరి 23 ఉదయం అన్నాగాస్సే అనే సందులో ఒక ఫ్లాట్ తలుపు బద్దలు కొట్టి అతని స్నేహితుడు లోపలికి వెళితే, సిండెలార్ ప్రాణం పోయి వుంది. పక్కనే స్పృహలేకుండా కమిలా కాస్తన్యోలా. ఆవిడా బతకలేదు. పొగగొట్టం సరిగ్గా లేక కార్బన్ మోనాక్సైడ్ గదంతా నిండిందని పోలీసులు తేల్చారు. జనం తేల్చుకోలేదు. చంపేశారన్నారు కొందరు. దేశం పోయిన దిగులుతో తనే చనిపోయాడన్నారు ఇంకొందరు. ప్రవాసంలో వున్న టోర్‌బెర్గ్ అనే యూదు రచయిత అతని మీద ఒక కవిత రాశాడు. అందులోనూ ఆత్మహత్య అన్న ధ్వనే. అంత్యక్రియలకి వేలాదిమంది వచ్చారు. చలిలో, నాజీల కళ్లముందు, అంతమంది ఒకచోట మౌనంగా నిలబడడానికి వాళ్లకి దొరికిన సాకు అదొక్కటే అయివుండాలి.

మనకి పొగగొట్టం సరిపోదు. అంతటి మనిషి బొగ్గుల పొగకి పోవడం మన మనసుకి ఒప్పదు. బతికున్నప్పుడు చేసిన పనులన్నీ ఒక వరసలో నిలబెట్టి, చావుని కూడా ఆ వరసలోనే పెట్టి చూసుకుంటే గాని నిద్రపట్టదు. మరి ఆ వరసలో కాఫీహౌసు ఎక్కడ పెట్టాలి? అక్కడికొచ్చేసరికి అందరూ కాస్త గొంతు తగ్గిస్తారు. ఆ కమిలా సంగతీ అంతే. కథకి అవసరమైనప్పుడు ఆవిడ యూదురాలవుతుంది, అవసరమైనప్పుడు ఇటలీ అందగత్తె అవుతుంది, ఇంకొకరికి అనుమానించదగ్గ మనిషి అవుతుంది. ఆ ఫ్లాటు ఆవిడది, పోయిన ప్రాణం ఆవిడది కూడా అన్నది ఎవరికీ పట్టదు. ఒక మగవాడి వీరమరణంలో పక్కన పడుకున్న ఆడదాని చావుకి విడిగా కారణం వెతికేదెవరు?

ఇప్పుడు ఫేవరిటెన్‌లో అతని పేరుమీద ఒక వీధి వుంది. ఇరవయ్యో శతాబ్దపు ఆస్ట్రియా ఆటగాళ్లలో అతనే మేటి అని ఆ శతాబ్దం చివర్లో ఎంపిక చేశారు. జనవరిలో ఆ తారీఖు వచ్చినప్పుడు క్లబ్బువాళ్లు సమాధి దగ్గర చేరి పూలు పెడతారు. పెట్టనివ్వండి. ఆ గోల్ అబద్ధం కాదు, ఆ నిరాకరణ అబద్ధం కాదు. డాక్టర్ శ్వార్ట్స్ యుద్ధం తరవాత బతికి తిరిగొచ్చి మళ్లీ ఆ క్లబ్బుకి అధ్యక్షుడయ్యాడు. తనకి నమస్కరించిన ఆటగాణ్ణి ఆయన తలుచుకునే వుంటాడు.

నా ఆలోచన మాత్రం ఎంత లాగినా ఆ రెండోవాడి దగ్గరికే పోతోంది. ఆగస్టు నించి జనవరి దాకా అయిదు నెలలు. అదే పేటలో, ఏ చలి సాయంత్రమో, డ్రిల్ తన పాత కాఫీహౌసు ముందునించి నడిచి వెళ్లే వుంటాడు. గుమ్మంలో కొత్త యజమాని నిలబడే వుంటాడు. సిండెలార్ నమస్కారం పెట్టే మనిషే, పెట్టే వుంటాడు. డ్రిల్ ఏం చేసివుంటాడు?